ఓనప్పు సారు గడియారం

ఆశ్రమ పాఠశాల,
పినపాక దగ్గర,
20 ఆగస్టు 1989, ఆదివారం.

నాన్నగారికి, హైమ నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ నేను కులాసా. మీరూ అమ్మా కులాసాగా ఉన్నామని రాశారు గానీ, రెండో పేజీ నుంచి మీ వరసలు కుడివైపు కిందికి జారిపోయాయి. అంటే బల్ల దగ్గర కూర్చోకుండా మంచం మీద ఒరిగి రాశారు. అంటే మోకాలి నొప్పి తిరగబెట్టింది. చెప్పకపోతే తెలియదనుకోకండి. మీ దస్తూరీ చూస్తూ పెరిగినదాన్ని.

ముందు మీరడిగినవాటికి జవాబులు. గది కురుస్తున్నది, ఒక్కచోటే. అక్కడ బిందె పెట్టాను. తెల్లవారేసరికి ముఖం కడుక్కోవడానికి సరిపడా నీళ్ళు చేరుతున్నాయి కాబట్టి బాగుచేయించమని ఎవరినీ అడగలేదు. వాగు రెండుసార్లు పొంగి బస్సు ఆగిపోయింది. మణుగూరు నుంచి కూరగాయలు రాక నాలుగు రోజులు పప్పూ చింతపండు చారే. పిల్లలు నూట పన్నెండు మంది, వాళ్ళలో జ్వరాలు పదకొండు మందికి. హెడ్మిస్ట్రెస్ గారు మంచావిడ. ఏది అడిగినా "చూద్దాం" అంటారు, ఆ తర్వాత నిజంగానే చూస్తూ ఉంటారు.

రెండేళ్ళలో మూడు బడులు మారావు, ఒక్కచోట కుదురుగా ఉండలేవా అని అమ్మ అడిగిందని రాశారు. దానికి విడిగా జవాబు రాయను. ఈ ఉత్తరం అమ్మకు కూడా చదివి వినిపించండి, చాలు.

ఇక మీరు పిల్లల కోసం రాస్తున్న ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు. ప్రెస్సు వాళ్ళు 'ఓ' అక్షరం దాకా పంపమన్నారని, 'ఓన్ అప్' దగ్గర అర్థమూ మూడు ఉదాహరణలూ సరిచూసి పంపమని రాశారు. చూశాను. మీరు రాసిన అర్థం 'నేరమును అంగీకరించుట'. అది పోలీస్ స్టేషన్ మాట. ఓన్ అప్‌కు అంత బరువు లేదు. హత్య చేసినవాడు కన్ఫెస్ చేస్తాడు, అద్దం పగలగొట్టినవాడు ఓన్ అప్ చేస్తాడు. పైగా, ఎవరు చేశారో అప్పటికి తేలి ఉండకూడదు. సాక్ష్యం తెచ్చి ముందు పెట్టాక తల వంచితే దాన్ని అడ్మిట్ అనవచ్చు. వెతికే చూపు ఇంకా నలుగురి మీదా తిరుగుతుండగానే తనంతట తాను లేచి 'నేనే' అంటే ఓన్ అప్. చేసిన పనిని కూడా చెప్పదలిస్తే వెనక 'టు' రావాలి, పనిని చెప్పకుండా వదిలేస్తే 'టు' అక్కర్లేదు. అందుకని నేను ఇలా మార్చాను: 'తప్పు తనదేనని తానే ముందుకు వచ్చి చెప్పు.' పొడుగైంది, కానీ పిల్లలకు అర్థమవుతుంది. ప్రెస్సు వాళ్ళు వరసకు లెక్క కడతారని కుదించకండి.

మీ మొదటి ఉదాహరణ, కిటికీ అద్దం పగలగొట్టిన కుర్రాడిది, ఇక్కడ పనికిరాదు. మా బడి కిటికీలకు అద్దాలు లేవు. బదులుగా మొన్న మా ఆరో తరగతిలో జరిగింది రాస్తున్నాను, నచ్చితే వేయండి. వంటగదిలో బెల్లం దిమ్మ సగం మాయమైంది. క్లాసులో నిలబడి, మీలాగే చేతులు వెనక్కి కట్టుకుని, "హూ విల్ ఓన్ అప్?" అని, తెలుగులో కూడా చెప్పాను. ఆదెమ్మ అనే పిల్ల లేచింది. ఆమె వెనక ఇంకో ఐదుగురు లేచారు.

"ఎంతమంది తిన్నారు?" అన్నాను.

"నేనొక్కదాన్నే తిన్న మేడం," అంది ఆదెమ్మ.

"మరి వీళ్ళెందుకు లేచారు?"

వాళ్ళలో ఒకతి, నాకే తెలివి లేదన్నట్టు చూసి, "అదొక్కతే నిలబడితె మంచిగుండది గద మేడం," అంది.

దీనికి ఇంగ్లీషులో ఏమంటారో మీరే వెతకాలి. నాకు దొరకలేదు.

ఇప్పుడు మీ రెండో ఉదాహరణ. 'ది అటెండర్ ఓన్డ్ అప్ టు హిజ్ మిస్టేక్.' కింద చిన్న అక్షరాల్లో నాకోసం రాశారు: 'ఇది మన హాతీరాం గుర్తుగా. పోయినవారం వచ్చాడు. అతని తప్పేమీ లేదని కాయితం రాసివ్వమన్నాడు. పదిమంది ముందు తనే ఒప్పుకున్నదాన్ని తప్పు కాదని నేనెలా రాస్తాను? ఓన్ అప్ చేసినందుకు గౌరవిస్తాను, అబద్ధం మాత్రం రాయలేనని పంపించేశాను.'

నాన్నగారూ, ఆ వాక్యం కొట్టేయాలి. అందులో వ్యాకరణం సరిగ్గానే ఉంది. జరిగింది అది కాదు.

తొమ్మిదేళ్ళ కిందటి మన బడి ఒకసారి గుర్తు చేసుకోండి. మీకు అన్నీ గుర్తే, కానీ మీరు ముందు నిలబడి చూసినవాళ్ళు. నేను వెనక వరండాలో నిలబడి చూశాను. శనివారం ఆఖరి పీరియడ్ బడి మొత్తం ఆరుబయట వరసల్లో నిలబడేది. మీ ముందు సున్నంతో గీసిన గీత ఉండేది. ఆ వారం ఏ తప్పు జరిగినా మీరు "హూ విల్ ఓన్ అప్?" అనేవారు. చేసినవాళ్ళు గీత దాటి మీవైపు వచ్చి చెబితే పిల్లలకు శిక్ష లేదు, చప్పట్లు కూడా కొట్టించేవారు. ఆ పిల్లలకు ఆపిల్ అన్న మాట కంటే ముందు ఓనప్పు అన్న మాట వచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళు కూడా "పాలమీగడ ఎవరు తిన్నరో ఓనప్పు చెయ్యిండ్రి" అనేవాళ్ళు. మీకు ఎవరూ చెప్పి ఉండరు, ఊరంతా మిమ్మల్ని ఓనప్పు సారు అనేది. అమ్మకు తెలుసు.

మీ హెడ్మాస్టరు గదిలో, ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడిచే గోడగడియారం. దాని కీ మన ఇంట్లో, ఉప్పు జాడీ పక్కన. ఎవరి చేతికీ ఇవ్వకూడదని మీ నియమం. ఆదివారం సాయంత్రం కీ తిప్పడం నా పని. నేను ఖమ్మంలో ఇంటర్‌లో చేరాక కూడా, సెలవులకు వస్తే ఆ పని నాదే. ఆ ఏడు శ్రీరామనవమి ముందు ఆదివారం నేను వీధి అరుగు మీద కూర్చుని ఎరువు తెచ్చుకున్న వారపత్రికలు చదువుతూ మరిచిపోయాను. కారణం అంతే. అంతకంటే గొప్ప కారణం ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

సోమవారం ఏడో తరగతి కామన్ పరీక్ష, లెక్కలు. మీరు పొద్దున్నే పేపర్ల కట్ట తేవడానికి వెళ్ళారు. మీ చేతిగడియారం కొత్తగూడెంలో రిపేరుకు ఇచ్చి ఉంది. వాచీలున్న ఇద్దరు మాస్టర్లు వేరే సెంటరుకు డ్యూటీ మీద పోయారు. కీ సంగతి అప్పుడు గుర్తొచ్చి నేను గదికి పరుగెత్తాను. గడియారం రెండుంబావు దగ్గర ఆగి ఉంది. కీ తిప్పాను. ముల్లు ఎక్కడ పెట్టాలి? అప్పుడే మలుపు దగ్గర బస్సు హారను వినపడింది. భద్రాచలం బస్సు మన ఊరు దాటేది తొమ్మిదింటికి. ఊళ్ళో సగం మంది దాన్ని చూసే పొయ్యి వెలిగిస్తారు. నేను ముల్లును తొమ్మిది మీద పెట్టి, లోలకం కదిలించి, తలుపు వేసి వచ్చేశాను. హాతీరాం అప్పుడే వరండా ఊడుస్తున్నాడు. నన్ను చూశాడు, నా చేతిలో కీని చూశాడు. "కీ మర్సిపోయినవా చిన్నమ్మా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ పోయింది తొమ్మిదింటి బస్సు కాదు. కల్యాణానికి వేసిన స్పెషల్ బస్సు. అది మామూలు బస్సుకు పాతిక నిమిషాలు ముందు పోయింది.

మిగిలింది మీకు తెలుసు. తొమ్మిదిన్నర పరీక్ష అసలు టైం ప్రకారం తొమ్మిదీ ఐదుకే మొదలైంది. ఊళ్ళో పిల్లలంతా ఎనిమిదిన్నరకే వచ్చి కూర్చునేవాళ్ళు కాబట్టి వాళ్ళకేమీ కాలేదు. మొదలైన పావుగంటకు గేటు వేయాలన్నది మీ రూలు. తండా నుంచి మూడు మైళ్ళు నడిచి వచ్చే నలుగురు అసలు టైంకు ఐదు నిమిషాలు ముందే వచ్చారు. గేటు వేసి ఉంది. ఆ నలుగురిలో ఒకతి రూప్లీ, హాతీరాం కూతురు. గేటు వేసింది హాతీరాం. లోపలినుంచి మీరు "పరీక్షకు కూడా ఆలస్యమా? వెళ్ళండి" అన్నారు. వాళ్ళు కాసేపు గేటు పట్టుకుని నిలబడి వెళ్ళిపోయారు. ముగ్గురు మగపిల్లలు మరుసటి ఏడాది రాసి పాసయ్యారు. రూప్లీని మళ్ళీ పంపలేదు. ఏడో తరగతి తప్పిన ఆడపిల్లకు తండాలో రెండో ఏడాది ఉండదు. పెళ్ళి ఉంటుంది.

మధ్యాహ్నం గోపాలు మాస్టారి ఇంట్లో రేడియో వార్తలు మొదలయ్యాకే మీకు గడియారం తేడా తెలిసింది. మీరు ఇంటికి వచ్చి నన్ను ఒకే ఒక మాట అడిగారు, "నిన్న కీ ఇచ్చావా?" అని. నేను ఒకే మాట చెప్పాను, "ఇచ్చాను" అని. మీరు ఇంక అడగలేదు. నేను అబద్ధం చెబుతానన్న ఆలోచన మీకు రాదు. అది నాకు తెలుసు. ఆ రోజు నాకు పనికొచ్చింది అదే.

ఆ శనివారం మీరు "గడియారం ముల్లు తిప్పింది ఎవరు?" అన్నప్పుడు నేను వరండా స్తంభం వెనక ఉన్నాను. గీతకూ నాకూ మధ్య ఇరవై అడుగులు. కొలిచినట్టు గుర్తుంది. నేను కదలలేదు. చీపురు గోడకు ఆనించి హాతీరాం గీత దాటాడు. "నేనే సార్. ముల్లు తిప్పిన. నాదే తప్పు," అన్నాడు. పిల్లలకైతే చప్పట్లు కొట్టించేవారు. అతను స్టాఫు కాబట్టి మీరు కాయితం రాశారు, గడియారం చూడటం రాకుండా దాన్ని ముట్టుకున్న నిర్లక్ష్యానికి పనిలోంచి తీసేస్తున్నట్టు. అతనికి గడియారం చూడటం వచ్చు. మీరే నేర్పారు. ఆ రోజు ఎవరికీ అది గుర్తు రాలేదు. తండా మనిషి కదా, రాదేమో అని అందరికీ సులువుగా తోచింది.

ఇంత కాలానికి ఇప్పుడెందుకు అంటారు. రూప్లీ మా హాస్టల్లో వంటమనిషి. జూన్‌లో చేరింది. నాకు మొదట తెలియలేదు, ఆమెకు మాత్రం నేనెవరో మొదటి రోజే తెలుసు. చెప్పలేదు. పది రోజుల కింద, మీరు హాతీరాంను పంపించేశాక, పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నా గదికి వచ్చింది.

"టీచరమ్మా, నువ్వు ఓనప్పు సారు బిడ్డవు గదా," అంది.

"అవ్," అన్నాను. నా నోట్లోంచి అవునన్నది అలాగే వచ్చింది.

"పాత అటెండర్లను పర్మనెంట్ చేస్తున్నరంట. మా నాయిన పేరు లిస్ట్‌ల ఉన్నది. గని తీసేసిన కాయితం ఒకటి అడ్డమొచ్చింది. అప్పటి హెడ్మాస్టరు రాసిస్తేనే తీసుకుంటం అన్నరంట. ఇరవై అయిదు తారీఖు ఆఖరు. సారేమొ రాయ అన్నడంట. నువ్వు చెప్తే ఇంటడు."

"ఏమని రాయమంటావు?"

"మాఫ్ చేసిన అని రాయమను. గడియారం సూసుడు రాకనే గంట కొట్టిండు, పాపం ముసలోడైండు, మాఫ్ చేసిన అని. నాకైతే మాఫ్ చేసే మనసు లేదు. నన్ను గేటు బయట నిలబెట్టిండు. గని పెద్దోనికి నౌకరి కావాలె గదా."

క్షమాపణ కాయితం. క్షమించాల్సిందేమీ లేని మనిషికి. నేను సరే అన్నాను. దేనికి సరే అన్నానో నాకూ తెలియదు.

పోయిన ఆదివారం పాల్వంచ పోయి హాతీరాంను చూశాను. కంపెనీ కాలనీ రోడ్డులో ఒక హోటల్లో నీళ్ళు మోస్తున్నాడు. డ్రమ్ము నింపి, బెంచీల మధ్య గ్లాసులు సర్ది, షిఫ్టు దిగి వచ్చేవాళ్ళకు చోటు చేస్తున్నాడు. జుట్టు నెరిసింది, నడక అదే. నన్ను చూసి మొదట నీళ్ళు ఇచ్చాడు, తర్వాత గుర్తుపట్టాడు.

"చిన్నమ్మా, సార్ కాయితం పంపిండా?"

"లేదు. నేను ఒకటి అడగడానికొచ్చాను. ఆ రోజు నా పేరు ఎందుకు చెప్పలేదు?"

అతను చుట్టూ చూసి, బెంచీ చివర, నాకు కాస్త దూరంగా కూర్చున్నాడు. "ఏ రోజు?" అని అడగలేదు.

"నువ్వు చిన్నపిల్లవు. స్తంభం ఎన్క వణుకుతున్నవు. సార్ అందరి పిల్లలను గీత దాటిచ్చెటోడు, సొంత బిడ్డ దాటకపాయె. నేను నీ పేరు చెప్తే సార్ తెల్లారి ఏ మొకంతోని గీత గీస్తడు? బడి నడవాలె గదా."

"అందుకని చేయని తప్పు చేశానన్నావా?"

"చెయ్యని తప్పేంది?" అన్నాడు. మొదటిసారి గొంతు కొంచెం లేచింది. "ముల్లు నువ్వు తిప్పినవు. గేటు మూసింది ఎవరు? నేను గాదా? పొద్దు సూసిన చిన్నమ్మా. గోడ నీడ ఇంకా మెట్టు దాటలె. టైం కాలేదని నాకెరుకే. గని సార్ గడియారం గదా అని గొళ్ళెం పెట్టిన. నా బిడ్డ అవతల నిలబడి 'నాయినా టైం కాలే' అంటనే ఉన్నది. గడియారం మాట ఇన్న, బిడ్డ మాట ఇనలె. గది నా తప్పే. గదే ఒప్పుకున్న."

"ఆ ముక్క రూప్లీకి చెప్పావా?"

"ఏం చెప్త? నువ్వు తిప్పినవ్ అని చెప్పకుంట గిదెట్ల చెప్త?"

అప్పుడే కంపెనీ సైరన్ మోగింది. అతను లేచి గ్లాసుల బుట్ట అందుకున్నాడు. "ఇక్కడ మంచిగున్నది. టైం నేను కొట్టేది లేదు, మూసేటందుకు గేటు లేదు," అన్నాడు. వెటకారంగా అన్నాడా, మామూలుగానే అన్నాడా అని బస్సులో చాలాసేపు ఆలోచించాను. మామూలుగానే అన్నాడు.

గోపాలు మాస్టారు కూడా ఆ పొద్దున ఒక మాట అన్నారు, గుర్తుందా? అసలు తొమ్మిదింటి బస్సు పోయినప్పుడు మన గడియారంలో తొమ్మిదీ ఇరవై ఐదు. "సార్, బస్సు ఇప్పుడే పోయింది. మన గడియారం ముందుకుందేమో," అన్నారాయన. అప్పటికి పేపర్ల కట్ట విప్పలేదు. మీరు "ఆర్టీసీ వాళ్ళను చూసి నా గడియారం మార్చుకోవాలా మాస్టారూ?" అన్నారు. వరండాలో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అప్పటికే నాకు అనుమానం వచ్చింది, బస్సు రెండోసారి ఎలా పోయిందా అని. అప్పుడు నోరు తెరిచి ఉంటే గంట ఆగేది. ఒక్క నిమిషం పని. ఇది కూడా నా ఖాతాలోదే, మీ మాటను మీకు గుర్తుచేసి తప్పించుకోవడానికి రాయడం లేదు. ముల్లు నాది, గొళ్ళెం అతనిది, ఆ నవ్వించిన మాట మీది. అతను తన వంతు ఆ శనివారమే చెప్పేశాడు. మనిద్దరివే మిగిలాయి.

మీ పుస్తకంలో ఒక సూచన చేర్చాలని ఉంది. ఒకరి బదులు ఇంకొకరు బరువు మోయవచ్చు, సంతకం పెట్టవచ్చు, తిట్లు పడవచ్చు. ఓన్ అప్ మాత్రం ఒకరి తరఫున ఇంకొకరు చేయలేరు. చేసినట్టు కనపడుతుందంతే, అసలుది జరగకుండా మిగిలిపోతుంది. బడి గంట కొట్టిన ప్రతిసారీ నాకు అది గుర్తొస్తుంది. ఏ బడికి పోయినా గంట ఉంటుంది. ఆరు నెలలకు ఆ గంట మోత నాకు పడదు, ఇంకో బడికి దరఖాస్తు పెడతాను. అమ్మకు ఇదే జవాబు.

సోమవారం.

నిన్న ఇక్కడిదాకా రాసి ఆపాను. రూప్లీకి తెలియకుండా ఈ ఉత్తరం డబ్బాలో వేస్తే అది ఇంకో స్తంభం వెనక నిలబడటమే అనిపించింది. వంటయ్యాక పిలిచి, కూర్చోమని, మొదటినుంచి చదివాను. మోకాలి నొప్పి, బెల్లం దిమ్మ, అన్నీ. తను ఏడో తరగతి దాకా చదివింది కాబట్టి మధ్యలో కాయితం లాక్కుని రెండు వరసలు వేలు పెట్టి తనే చదువుకుంది, నేను కలిపి చెబుతున్నానేమోనని. వాళ్ళ నాయిన పొద్దు చూశానన్న మాట దగ్గర "మళ్ళ సదువు" అంది. మళ్ళీ చదివాను.

"తొమ్మిదేండ్ల సంది మా నాయినతోని నేను సక్కగ మాట్లాడలె," అంది. "పండుగకు పోతె నీళ్ళిస్తడు, తాగి వస్త. గంతే."

నేను తప్పయిందన్నాను. అది చాలా చిన్న మాట, అన్నాక ఇంకా చిన్నగా వినపడింది.

"సదువుకున్నదానివి. ముల్లు తిప్పొచ్చింది గని నోరు తిప్పరాలేదా నీకు?" అని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, "రేపటి బియ్యం ఏరాలె," అని వెళ్ళిపోయింది. అంతకంటే పెద్ద తిట్టు నాకు పడాల్సింది. ఆమె దగ్గర ఉంది కూడా. కానీ బియ్యం నూట పన్నెండు మందివి.

ఈ పొద్దున ఆమె లేచేసరికే నేను రెండో కాయితం రాసి పెట్టాను. ఉత్తరంతో జతగా పెడుతున్నాను, విప్పి చూడండి. ఆఫీసుకు ఇవ్వడానికి రాసింది. ఆ సోమవారం గడియారం ఆగిపోయిందని, బస్సును చూసి ముల్లు పెట్టింది వెంకటనారాయణ మాస్టారి కూతురు హైమవతి అని, అటెండరు హాతీరాంకు అందులో ఏ నిర్లక్ష్యమూ లేదని, అడిగితే ఎక్కడికైనా వచ్చి చెబుతానని, తేదీతో, నా పూర్తి సంతకంతో. నా కాయితం ఒక్కటే సరిపోదు. దాని కింద మీ చేతిరాత కావాలి. జాలి చూపి రాయవద్దు, క్షమించానని అసలు రాయవద్దు. జరిగింది రాయండి. ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్నదానివి, సంతకం పెడితే నీ మీదికి వస్తుందేమోనని మీకు తోస్తుంది. రావచ్చు. రానివ్వండి.

రూప్లీ కొత్త చీర కట్టుకుని వచ్చి చెయ్యి చాపింది. "ఇటియ్యి. పోస్ట్‌ల ఎందుకు? నేనే పట్కపోత. సారు సదువుతుంటె మొకం నేనే సూస్త," అంది. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు, వెతకనూ లేదు. వంట ఈ రోజు నేనూ ఆదెమ్మ వాళ్ళూ చేస్తాం. బెల్లానికి తాళం వేశాను.

కాబట్టి మీరు ఈ ఉత్తరం చదువుతున్నప్పుడు ఆమె మీ ఎదురుగా ఉంటుంది. మెట్ల మీద కూర్చోబోతుంది, కుర్చీ వేయమని అమ్మతో చెప్పండి. అన్నం పెట్టమనండి. మీకు చదవడం పూర్తవడానికి ఎంతసేపు పట్టినా ఆమె ఉంటుంది, కానీ తిరుగు బస్సు నాలుగింటికి. ఆ లోపల కాయితం ఆమె చేతిలో పడాలి. పాల్వంచలో దిగి వాళ్ళ నాయినకు ఇచ్చి వస్తుందట. అక్కడ కాసేపు ఉండి వస్తానని కూడా అంది. ఎందుకని నేను అడగలేదు. హారను వినగానే బయలుదేరదీయకండి. అది ఏ బస్సో ముందు చూడండి.

ప్రెస్సుకు పంపాల్సిన పేజీ ఇందులోనే పెట్టాను. 'ఓన్ అప్' కింద అర్థం నేను మార్చినట్టే ఉంచండి. మొదటి ఉదాహరణ ఆదెమ్మది. రెండో ఉదాహరణ కొట్టేసి దాని స్థానంలో 'ది డాటర్ ఓన్డ్ అప్ ఆఫ్టర్ నైన్ ఇయర్స్' అని రాశాను. ఆలస్యంగా చేస్తే దాన్ని ఓన్ అప్ అనవచ్చా అని నిఘంటువులు చూశాను. కూడదని ఎక్కడా లేదు.

మూడోదానికి గీత ఒకటి గీసి ఖాళీగా వదిలాను. అది మీరు రాయాల్సింది.

ఇట్లు,
ఇరవై అడుగులు నడవడానికి తొమ్మిదేళ్ళు పట్టిన
మీ అమ్మాయి,
హైమ